నలభై ఒక్క గిన్నెలు

సంచీ తెరిచి చూపించడంలో కూడా మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కొందరు మొహం ముడుచుకుని, మూతి రెండు వేళ్ళంత తెరిచి టక్కున మూసేస్తారు. కొందరు ఫోన్‌లో మాట్లాడుతూనే సంచీని కెమెరా వైపు ఊపేసి ఊరుకుంటారు. రొసాల్బా మాత్రం సంచీని గట్టు మీద పెట్టి, రెండు చేతులా మూతి విప్పి, పైనున్న స్వెట్టర్ తీసి భుజాన వేసుకుని, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడుతుంది. అప్పుడు కెనడాలోని మిస్సిసాగాలో, ఎయిర్‌పోర్టు వెనకాల గోడౌన్ పై అంతస్తులో ఉన్న ఆఫీసులో, సుధామయి ఆకుపచ్చ బటన్ నొక్కాలి. ఇక్కడ నొక్కితే అక్కడ గేటు తెరుచుకుంటుంది.

అక్కడ అంటే కొలంబియా రాజధాని బొగొటా. అందులో రొసాలెస్ అని కొండవాలున ఉన్న పేట. ఎర్ర ఇటుకల మేడలు, బాల్కనీల నిండా పూల కుండీలు, ఒకే మనిషి చేతిలో ఆరు తాళ్ళు, ఆరు తాళ్ళకీ ఆరు పెద్దింటి కుక్కలు. పదకొండు నెలలుగా సుధామయి ఆ వీధిని పన్నెండు చదరాల స్క్రీన్ మీద చూస్తోంది. తను అద్దెకుంటున్న వీధిలో పక్కింటివాళ్ళ మొహాలు తెలియవు కానీ, రొసాలెస్‌లో ఏ కుక్క ఏ చెట్టు దగ్గర ఆగుతుందో చెప్పగలదు. చలికాలంలో ఆ ఊరి గడియారమూ ఈ ఊరి గడియారమూ ఒకటే. వాళ్ళకి పొద్దెక్కితే ఈమెకీ పొద్దెక్కుతుంది. కాకపోతే వాళ్ళకి వాన, ఈమెకి మంచు.

ఆ మేడకి ఒకప్పుడు గేటు దగ్గర ఒక మనిషి ఉండేవాడట. ఖర్చు దండగని తీసేసి, ఆ పని కెనడాలో ఉన్న ఈ కంపెనీకి అప్పగించారు. మేడకి రెండు గేట్లు. ఇంటివాళ్ళ గేటు మొహం చూసి తెరుచుకుంటుంది. పనివాళ్ళ గేటు సంచీ చూసి తెరుచుకుంటుంది. ఆ సంచీలో ఇంటి వస్తువు ఏదైనా కనిపిస్తే 'ఇంటి సొత్తు' అని నొక్కాలి. నొక్కగానే ఆ ఫ్లాట్ యజమాని ఫోన్‌కి ఫోటో వెళ్తుంది, ఆ యజమాని సరేననేదాకా గేటు బిగుసుకుపోయి ఉంటుంది. ఏమీ లేకపోతే 'సొంత వస్తువులు' అని నొక్కి, ఆకుపచ్చ నొక్కి, పంపేయాలి. ఇంతే ఉద్యోగం. దీనికోసం సుధామయి అనకాపల్లి నుంచి వచ్చి, రెండేళ్ళు కాలేజీలో చదివి, ఒక డిప్లొమా పుచ్చుకుంది.

ఐదో అంతస్తు పెద్దావిడ ఇంట్లో రొసాల్బా పని చేస్తుంది. రోజు విడిచి రోజు ఆ పెద్దావిడ వండినదేదో ఒక గిన్నెలో వేసి రొసాల్బా సంచీలో పెట్టి పంపుతుంది. నీలి అంచున్న పాత పింగాణీ గిన్నె, మీద తెల్లటి గుడ్డ. మొదట్లో సుధామయి దాన్ని రూలు ప్రకారం 'ఇంటి సొత్తు' అనే నొక్కింది. ఫోటో పెద్దావిడకి కాదు, ఊరికి ఉత్తరాన కొత్త ఇంట్లో ఉండే ఆవిడ కోడలికి వెళ్ళింది, అకౌంట్ ఆవిడ పేరు మీదుంది కాబట్టి. కోడలు వెంటనే ఫోన్ చూసుకోలేదు. వాన మొదలైంది. 'వేచి ఉండండి' అని గేటు గొంతు రికార్డు వేసినట్టు చెబుతూనే ఉంది. రొసాల్బా గిన్నెని స్వెట్టర్‌లో చుట్టి పొట్టకి ఆనించుకుని ఇరవై ఐదు నిమిషాలు నిలబడింది. స్వెట్టర్ గిన్నెకిచ్చేసింది కాబట్టి మనిషి నిలువునా తడిసింది.

మర్నాడు పొద్దున్న రొసాల్బా లోపలికి వస్తూ గేటు దగ్గర ఆగింది. లోపలికి వెళ్ళేవాళ్ళు కార్డు పెడితే చాలు, సంచీ చూపించక్కర్లేదు. అయినా ఆమె గిన్నె పైకెత్తి, గుడ్డ తొలగించి, కెమెరాకి చూపించింది. గిన్నె నిండా మొక్కజొన్న రొట్టెలు. సుధామయికి కుర్చీలో ప్రాణం లేచివచ్చింది. గిన్నె ఖాళీగా తిప్పి పంపని మనిషి! తన ఇంట్లోనూ అంతే. పక్కింటి నుంచి పులుసు గిన్నె వస్తే, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి పంపేది అమ్మ. ఏడు సముద్రాల అవతల, భాష తెలియని ఊళ్ళో, అదే గిన్నె అదే పద్ధతిలో తిరుగుతోంది.

ఆ రోజు నుంచి సుధామయి ఆ గిన్నెకి 'సొంత వస్తువులు' అనే నొక్కింది. రోజు విడిచి రోజు సాయంత్రం గిన్నె వెళ్ళేది, మర్నాడు పొద్దున ఏదో ఒకటి నింపుకుని తిరిగొచ్చేది. పళ్ళో, రొట్టెలో, ఉడికించిన దుంపలో. ప్రతిసారీ రొసాల్బా గుడ్డ తీసి చూపించేది, సుధామయి ఇటునుంచి ఎవరికీ కనపడని తల ఊపేది. ఇందులో తప్పేముంది? ఒక ఆడమనిషిని వానలో నిలబెట్టకుండా ఇంటికి పంపడం తప్పెలా అవుతుంది?

*

మంగళవారం పొద్దున్న ఏడున్నరకి రొసాల్బా వచ్చి కార్డు పెడితే గేటు తెరుచుకోలేదు. సుధామయి స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు: 'అనుమతి రద్దు.'

రొసాల్బా కార్డు తుడిచి మళ్ళీ పెట్టింది. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత ఓపిగ్గా కోటు అంచుతో ఇంకోసారి తుడిచి, ఇంకోసారి పెట్టింది. తరువాత గిన్నె పైకెత్తి గుడ్డ తీసి చూపించింది, దానికోసమే గేటు ఆగిందేమో అన్నట్టు. అందులో పచ్చటి పొడుగాటి పళ్ళున్నాయి. సుధామయి వేలు ఆకుపచ్చ బటన్ మీదే ఉంది కానీ, రద్దయిన కార్డుకి ఆ బటన్ పని చెయ్యదు.

పదకొండింటికి మేనేజర్ మధుసూదన్ గారు తన గదిలోకి పిలిచారు. యాభై దాటిన మనిషి, గుంటూరు వారు, అమెరికాలో పదమూడేళ్ళు గ్రీన్‌కార్డు కోసం కాచుకుని విసిగి ఇక్కడికొచ్చి, రిచ్‌మండ్ హిల్‌లో ఇల్లు కట్టుకున్నవారు. టీమ్‌లో తెలుగు పిల్లలెవరికి జ్వరం వచ్చినా ఇంటి నుంచి చారు తెచ్చే రకం. ఆయన తలుపు దగ్గరగా వేసి, స్క్రీన్ ఇటు తిప్పారు.

"ఐదో అంతస్తు పెద్దావిడకి నిన్న రాత్రి స్ట్రోక్ వచ్చిందమ్మా. హాస్పిటల్లో ఉంది. మాట పడిపోయింది. కోడలు వచ్చి ఏవో కాగితాల కోసం అల్మరాలు తెరిస్తే, పింగాణీ సామాను సగం కనపడలేదట. మూడు నెలల ఫుటేజ్ అడిగింది. సిస్టమ్ ఏరి ఇచ్చింది. చూడు."

స్క్రీన్ నిండా చిన్న చిన్న చదరాలు. ప్రతి చదరంలోనూ అదే గట్టు, అదే సంచీ, అందులో తెల్లగుడ్డ కింద నీలి అంచు. సుధామయి లెక్కపెట్టబోయింది.

"నలభై ఒకటి," అన్నారు మధుసూదన్. "నలభై ఒక్క గిన్నెలు బయటికి వెళ్ళాయని కంప్లైంట్."

సుధామయికి నవ్వొచ్చింది, నిజంగానే. "అయ్యో, అదంతా ఒకటే గిన్నె అండీ! సాయంత్రం వెళ్తుంది, పొద్దున్నే తిరిగొస్తుంది. అదే గిన్నె."

"తిరిగొచ్చినట్టు ఫుటేజ్ ఏదీ?"

"లోపలికొచ్చే కెమెరా ఉత్త లైవే కదండీ. సేవ్ అవదు."

"అవదు. లోపలికి తెచ్చేవాళ్ళని ఎవరు అనుమానిస్తారని వాళ్ళు ఆ స్టోరేజ్ తీసుకోలేదు. ఇప్పుడు ఆ పెద్దావిడ చెప్పలేదు. కెమెరా చెప్పలేదు."

"నేను చెప్తానండీ. నేను చూశాను కదా రోజూ."

మధుసూదన్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు సుధా. ఆ మాట నేను వినలేదు, నువ్వు అనలేదు." ఆయన గొంతు తగ్గించారు. "తిరిగి రావడం చూశానంటే దానర్థం ఏంటి? అది ఆ ఇంటి గిన్నె అని నీకు తెలుసు. తెలిసీ నలభై ఒక్కసార్లు 'సొంత వస్తువులు' అని కొట్టావు. దాన్ని ఫాల్స్ లాగింగ్ అంటారమ్మా. ఒక్కసారికే టెర్మినేట్ చేస్తారు. నీ ఎంప్లాయర్ లెటర్ డ్రాఫ్ట్ నా దగ్గరే ఉంది. సోమవారంలోగా అప్‌లోడ్ చెయ్యాలి కదా నువ్వు?"

సుధామయి తల ఊపింది. వర్క్ పర్మిట్ ఏప్రిల్‌తో అయిపోతుంది. ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి పెట్టుకునే పీఆర్ అప్లికేషన్‌లో అన్నీ పెట్టేసింది, ఆ ఒక్క లెటర్ తప్ప.

"అది ఆమె సొంత గిన్నె అనుకున్నాను అని రాసెయ్. కెమెరాలో తేడా తెలియలేదు అను. ఎవరూ నిన్నేమీ అనరు. గురువారం మధ్యాహ్నానికల్లా స్టేట్‌మెంట్ పంపించాలి." ఆయన లేచి తలుపు తీస్తూ, "భోజనం చేశావా? మొహం వాడిపోయింది," అన్నారు.

ఆయన చెడ్డవాడైతే ఎంత బాగుండునో. చెడ్డవాడి మీద కోపమైనా తెచ్చుకోవచ్చు.

*

బుధవారం రొసాల్బా మళ్ళీ వచ్చింది. ఈసారి కార్డు పెట్టలేదు. గిన్నె పట్టుకుని గేటు బయట నిలబడింది. గంటకి కోడలు కారు దిగింది. సుధామయికి మాటలు వినపడవు, వినపడ్డా అర్థం కావు. చేతులు మాత్రం కనపడ్డాయి. రొసాల్బా రెండు చేతులా గిన్నె అందించింది. కోడలు గుడ్డ తీసి, లోపలి పళ్ళని వింతగా చూసి, వాటిని గట్టు మీద ఒక్కొక్కటిగా తీసి పెట్టి, ఖాళీ గిన్నె మాత్రం చంకన పెట్టుకుంది. తరువాత కుడిచేతి వేళ్ళు నాలుగు చూపించింది. నాలుగు పదులు. మిగతా నలభై ఏవీ అని.

రొసాల్బా ఒకే ఒక్క వేలు చూపించింది. ఒకటే, ఒకటే అని ఆ వేలు గాలిలో ఊగింది. కోడలు మోటుగా ఏమీ అనలేదు, చెయ్యి చేసుకోలేదు. చదువుకున్న మనిషి, మర్యాదగా తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మొహం చూసి ఇంటివాళ్ళ గేటు దానంతటదే తెరుచుకుంది.

ఒక గిన్నె తెచ్చిచ్చిందంటే భయపడి తెచ్చిందన్నమాట, తప్పు ఒప్పుకున్నట్టే అని మధ్యాహ్నం ఫైల్లో ఇంకో వాక్యం చేరింది. దాన్ని మధుసూదన్ గారే చూపించారు, చూపించకుండా ఉండలేక.

ఆ సాయంత్రం తాము అద్దెకుంటున్న బేస్‌మెంట్‌లో సాత్విక చపాతీలు కాలుస్తుంటే సుధామయి స్టవ్ పక్కన నిలబడి అంతా చెప్పింది. సాత్వికది కరీంనగర్. కాలేజీలో కలిశారు, అప్పట్నుంచీ ఒకే గది. ఇప్పుడు ఒక గోడౌన్‌లో డబ్బాలు సర్దే పని చేస్తోంది.

"నువ్వు చెప్తే నమ్ముతరా వాళ్ళు?" అంది సాత్విక.

"తెలీదు. కానీ చూసింది నేనొక్కదాన్నే కదే."

"నమ్మకపోతే ఇద్దరికీ పాయె. నమ్మితే నీకొక్కదానికి పాయె. ఎట్ల చూసినా నీకే గదా పోయేది?" సాత్విక చపాతీ తిరగేసింది. "ఆమెకు ఇంకో ఇంట్ల పని దొరుకుతది. నీకు ఇంకో పీఆర్ దొరుకుతదా?"

"దొంగ అని పేరు పడ్డాక పని ఎవరిస్తారు?"

సాత్విక చపాతీ పళ్ళెంలోకి తీసింది. "మా వేర్‌హౌస్‌ల కూడా పోయేటప్పుడే బ్యాగ్ చూస్తరు. వచ్చేటప్పుడు ఎవ్వరు చూడరు. నేను ఇంటికాడి నుంచి తెచ్చుకున్న పెన్ను నాదని ఒకరోజు పావుగంట చెప్పిన," అంది. చెప్పి, పొయ్యి కట్టేసి, పైన ఇంటి ఓనర్ కమలకుమారి ఆంటీ పోయిన వారం పంపిన డబ్బా కడిగి ఇచ్చింది. "పోయి ఇచ్చిరా. మొన్నట్నించి అడుగుతున్నది."

సుధామయి డబ్బా పట్టుకుని అలమరలన్నీ వెతికింది. మిక్చర్ పొట్లం ఒకటి దొరికితే అందులో సగం పోసి మూత పెట్టింది.

"ఉత్తది ఇస్తే ఏమైతది?" అంది సాత్విక.

"ఏమో. ఇవ్వబుద్ధి కాదు." ఈ పద్ధతే రొసాల్బా కొంప ముంచిందని పైకి వెళ్తుండగా సుధామయికి అనిపించి, మెట్ల మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. తను ఆ గిన్నెని మొదటి రోజులాగే ప్రతిరోజూ 'ఇంటి సొత్తు' అని నొక్కి ఉంటే? వానలో నాలుగు రోజులు నిలబడేది రొసాల్బా. కోడలు విసుక్కుని అత్తగారిని అడిగేది. నేనే ఇస్తున్నానని పెద్దావిడ అప్పుడు నోటితో చెప్పేది. అన్నీ రాతలో ఉండేవి. తను జాలిపడి ఆమెకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని చేతులారా చెరిపేసింది. అంతకన్నా ఇంకో సంగతి, మెట్ల మీద నిలబడ్డప్పుడే తట్టింది. పొద్దున్నే గుడ్డ తీసి చూపించేది ముచ్చటకి కాదు. 'ఇదిగో, తెచ్చేశాను, చూసుకో' అని సాక్ష్యం కోసం చూపించేది. పాపం, సరైన మనిషికి చూపిస్తున్నాననుకుంది.

*

గురువారం పొద్దున్న స్టేట్‌మెంట్ ఫారం తెరిచింది. పైన తేదీ, ఉద్యోగి నంబరు, గేటు నంబరు. కింద తెల్లటి డబ్బా. ముందు నిజం రాసింది. 'ఆ గిన్నె ప్రతిసారీ మర్నాటి ఉదయం తిరిగి రావడం నేను స్వయంగా చూశాను' అని ఇంగ్లీషులో శుభ్రంగా రాసింది. వాక్యం బాగుంది. చదువుకుంటే గుండె తేలికపడింది. ఆ తేలిక పది నిమిషాలుంది. తరువాత కంటి ముందు ఏప్రిల్ కనిపించింది. ఎయిర్‌పోర్టులో తన పెట్టె, అనకాపల్లిలో తలుపు తీసి, ఏమీ అనకుండా పెట్టె అందుకునే నాన్న. ఆ ఏమీ అనకపోవడాన్ని ఆమె భరించలేదు.

ఒక్కో అక్షరం చెరిపింది. ఒకేసారి చెరిపెయ్యొచ్చు, కానీ ఒక్కొక్కటే చెరిపింది. 'అది ఆమె సొంత వస్తువని భావించాను. ఇంటి సొత్తుగా గుర్తించలేకపోయాను' అని రాసి, పేరు కొట్టి, పదకొండూ ఇరవైకి పంపేసింది. వేళ్ళు చల్లబడిపోతే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చదరాల్లో ఆరు కుక్కల మనిషి ఎప్పటిలాగే కొండ ఎక్కుతున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి మారిసోల్ హెడ్‌సెట్ తీసుకుని చిన్నగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆఫీసులో స్పానిష్ వచ్చింది మారిసోల్ ఒక్కదానికే. పుట్టింది బొగొటాలోనే, కానీ రొసాలెస్‌లో కాదు, అక్కడికి రెండు బస్సులు మారి పనికొచ్చేవాళ్ళు ఉండే వైపు. పనివాళ్ళ వాంగ్మూలం తీసుకోవాలంటే ఆమే ఫోన్‌లో అడిగి ఇంగ్లీషులోకి రాసిపెట్టాలి. గంటన్నరకి బయటికొచ్చింది. ఎవరి వంకా చూడకుండా కోటు వేసుకుని, మంచులోకి వెళ్ళి నిలబడింది. ఆమె సిగరెట్ మానేసి రెండేళ్ళయింది. ఆ రోజు కాల్చింది.

*

శుక్రవారం పదింటికి మధుసూదన్ గారు లెటర్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. కంపెనీ ముద్ర, హెచ్చార్ సంతకం. "కేస్ క్లోజ్ అయింది. నీ మీద ఒక్క మచ్చ లేదు. ఇంటికెళ్ళగానే అప్‌లోడ్ చేసెయ్, సోమవారం దాకా ఆగకు," అన్నారు. సుధామయి థాంక్స్ చెప్పింది. లెటర్‌లో ఆమెని నిజాయితీపరురాలని రాశారు.

కాఫీ గదిలో మారిసోల్ ఆమె పక్కకి వచ్చి నిలబడింది. ఇంగ్లీషులో, కప్పు వంకే చూస్తూ అంది. "ఇది నీకు చెప్పకూడదు. అయినా చెప్తున్నా. నిన్న ఆమె మొదట అరగంట అదంతా ఒకటే గిన్నె అనే చెప్పింది. ఎవరూ నమ్మలేదు. అప్పుడు కోడలి లాయరు లైన్లోకొచ్చి, కెమెరా దగ్గరున్న ఉద్యోగి నీతో కుమ్మక్కయిందా, రోజూ ఎందుకు వదిలేసింది అని అడిగాడు."

సుధామయి కప్పు కింద పెట్టింది.

"దాంతో ఆమె మాట మార్చేసింది. కెమెరా మనిషికి ఏమీ తెలియదు, గిన్నె నాదేనని సైగ చేసి నేనే మోసం చేశాను, ఆ మనిషిని ఏమీ అనొద్దు అంది. నేను అనువాదం ఆపి, అలా చెప్తే నేరం ఒప్పుకున్నట్టే, తెలుసా అని అడిగాను. అడక్కూడదు, అడిగాను. తెలుసు అంది." మారిసోల్ తలుపు వైపు ఒకసారి చూసింది. "ఆ మనిషెవరో మీకు తెలుసా అంటే, తెలీదంది. ఆడో మగో కూడా తెలీదట. పగటిపూట ఆ కెమెరాలో ఉండేవాళ్ళెవరో మంచివాళ్ళు, నన్ను వానలో నిలబెట్టలేదు, వాళ్ళకీ పిల్లలుంటారు కదా అంది."

సుధామయికి పిల్లలు లేరు. పెళ్ళే కాలేదు. ఆ సంగతి ఎందుకో ఆమెని అన్నిటికన్నా ఎక్కువగా కోసేసింది. లేని పిల్లల కోసం ఒక మనిషి దొంగ అయిపోయింది.

ఆమె మధుసూదన్ గారి గదికి దాదాపు పరిగెత్తింది. లెటర్ చేతిలోనే ఉంది. "నేను స్టేట్‌మెంట్ మార్చుకుంటానండీ. నేను చూశాను. రోజూ చూశాను. ఇదిగో, ఇది తీసేసుకోండి."

మధుసూదన్ లేచి తలుపు వేశారు. "కూర్చోమ్మా," అన్నారు. ఆమె కూర్చోలేదు. "నిన్న చెప్పి ఉంటే వేరు. నేనే వద్దన్నాను, ఆ పాపం నాది. ఇప్పుడు ఆమె సంతకం పెట్టేసింది. ఒప్పుకుంది కాబట్టి పోలీసు కేసు లేకుండా పంపేస్తామన్నారు. నువ్వు ఇవాళ వెళ్ళి ఆమె చెప్పింది అబద్ధం, నాకు అన్నీ తెలుసు అన్నావనుకో, ఒప్పందం పోతుంది. లాయరు నిన్న అడిగిందే నిజమవుతుంది, ఇద్దరూ కుమ్మక్కయ్యారని. ఆమెని స్టేషన్‌కి తీసుకెళ్తారు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. "నీ నిజం వల్ల ఆమెకి ఇప్పుడు మేలు జరగదు సుధా. కీడే జరుగుతుంది."

నిన్న పదకొండూ ఇరవైకి ఆ నిజానికి విలువ ఉంది. ఆమె దగ్గర తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాన్ని ఒక్కో అక్షరం చెరిపింది ఆమే.

మూడూ పదికి పనివాళ్ళ గేటు చదరంలో కదలిక కనిపించింది. తన సామాను తీసుకెళ్ళడానికి రొసాల్బాని ఒక అరగంట లోపలికి రానిచ్చారు. ఇప్పుడు బయటికొస్తోంది. ఎప్పటి సంచీ కాక ఇంకో పెద్ద సంచీ ఉంది. సుధామయి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. లేచి ఎవరినైనా ఈ సీట్లో కూర్చోబెట్టి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఇవాళ కూడా ఆ సంచీ తను కాక ఇంకొకరు చూస్తే అది ఇంకో ద్రోహం అనిపించింది.

రొసాల్బా రెండు సంచీలూ గట్టు మీద పెట్టింది. మూతులు విప్పింది. ఎవరూ అడక్కుండానే ఒక్కో వస్తువూ తీసి పక్కన పేర్చింది. రెండు ఏప్రన్లు, రబ్బరు చెప్పులు, దువ్వెన, మందు సీసా, ఒక చిన్న రేడియో, పాత క్యాలెండర్ నుంచి చింపుకున్న ఏదో బొమ్మ. అన్నీ పేర్చి, ఒక అడుగు వెనక్కి జరిగి, చేతులు ముందు కట్టుకుని నిలబడింది. కెమెరాలోకి చూసింది. నవ్వింది కూడా కాస్త, పగటి పూట మనిషే ఉన్నారేమో అన్న ఆశతో.

సుధామయి మైక్ బటన్ నొక్కింది. ఆ గేటు స్పీకర్లో ఆపరేటర్లు సొంత గొంతుతో మాట్లాడకూడదు. అందులోంచి వచ్చేవన్నీ స్పానిష్‌లో రికార్డు చేసిన నాలుగు మాటలే. సంచీ తెరవండి, పక్కకు తీయండి, జేబులు చూపించండి, వేచి ఉండండి. పదకొండు నెలల్లో ఆమె ఆ బటన్ ఎప్పుడూ ముట్టుకోలేదు. మారిసోల్‌ని పిలుద్దామన్న ఆలోచన కూడా రాలేదు. నోరు తెరిస్తే తెలుగే వచ్చింది.

"అమ్మా, నన్ను క్షమించమ్మా. నేను చూశానమ్మా. రోజూ చూశాను. నువ్వు తెచ్చేశావు. నాకు తెలుసు. చెప్పలేకపోయాను."

రొసాల్బా ఉలిక్కిపడింది. నవ్వు పోయింది. స్పీకర్ వంక, కెమెరా వంక మార్చి మార్చి చూసింది. తరువాత, అర్థమైనట్టు గబగబా తల ఊపి, కోటు జేబులు రెండూ బయటికి లాగి చూపించింది. ఒక బస్ కార్డు, ఒక రుమాలు.

"కాదమ్మా, అది కాదు. జేబులు కాదు. వద్దు—"

రొసాల్బా కోటు విప్పింది. దులిపి గట్టు మీద పరిచింది. స్పీకర్లో ఆ గొంతు ఇంకా ఏడుస్తూ మాట్లాడుతూనే ఉండేసరికి, ఇంకా ఏదో మిగిలిపోయిందనుకుని, గోడ పట్టుకుని వంగి ఒక బూటు విప్పి తిరగేసి పట్టుకుంది. అందులో ఏమీ లేదని బాగా కనపడేలా కెమెరా దగ్గరికి ఎత్తింది. రెండో బూటు కోసం మళ్ళీ వంగింది.

సుధామయి మైక్ మీంచి వేలు తీసేసి ఆకుపచ్చ నొక్కింది. గేటు తెరుచుకుంది. వీధి, వీధి చివర బస్సు, అన్నీ కనపడుతున్నాయి. రొసాల్బా కదల్లేదు. మేజోళ్ళ కాళ్ళతో తడి నేల మీద నిలబడి, ఆ వస్తువులు మళ్ళీ సంచీలో పెట్టుకోవచ్చునా అని కెమెరా వంక చూస్తూ ఉండిపోయింది.